రెజిన్ క్యాప్సూల్: 14 నెలల వాడకం తర్వాత

5కి 3.5 ఇస్తున్నాను. కోసేసిన 1.5లో ఒకటి కంపెనీ ఖాతాలో వేశాను, మిగిలిన అర మా ఖాతాలోనే. ఈ లెక్క ఎలా తేలిందో చెప్పాలంటే ఒక జంక్షన్ కథ చెప్పాలి. ముందు వస్తువేమిటో చూద్దాం.

భూగర్భ గనిలో, సొరంగంలో పైకప్పుకి బోల్ట్ వేసేటప్పుడు, ఉక్కు కడ్డీని రాతికి అంటించే జిగురు ఇది. పాలిస్టర్ రెజిన్. పలచటి ప్లాస్టిక్ గొట్టంలో రెండు అరలు ఉంటాయి. పెద్ద అరలో రెజిన్, సున్నపురాయి పొడి కలిపిన ముద్ద. చిన్న అరలో దాన్ని గట్టిపరిచే పెరాక్సైడ్ పేస్ట్. చేత్తో పట్టుకుంటే టూత్‌పేస్ట్ ట్యూబ్‌లా మెత్తగా వంగుతుంది. హోల్‌లోకి క్యాప్సూళ్లు తోసి, వాటి వెనకాల కడ్డీని తిప్పుతూ ఎక్కిస్తే ప్లాస్టిక్ చిరిగి, రెండూ కలిసి, నిమిషం తిరక్కుండానే రాయి అవుతుంది. పెట్టె తెరవగానే స్టైరీన్ వాసన ముక్కుకి కొడుతుంది. మొదటి వారం తలనొప్పి అన్నవాళ్లు ఉన్నారు. గాలి సరిగ్గా ఆడే చోట అలవాటైపోతుంది కానీ, చిరిగిన క్యాప్సూల్‌ని ఒట్టి చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. ఆ పేస్ట్ కంట్లో పడితే చాలా ప్రమాదం. పైకప్పు హోల్ కింద తలెత్తి నిలబడే పనిలో ఏదైనా పడేది నేరుగా మొహం మీదే. గాగుల్స్ లేకుండా మా దగ్గర ఎవరినీ బోల్టింగ్‌కి పంపం.

మా ఏర్పాటు ఇది: 20 మి.మీ. గీతల కడ్డీ, 2.4 మీటర్ల పొడవు, 28 మి.మీ. హోల్, 24 మి.మీ. క్యాప్సూల్, 1.2 మీటర్లకి ఒక బోల్ట్ చొప్పున అటూ ఇటూ గళ్లుగా. అంటే ఒక్కో బోల్ట్ వాటాకి 1.44 చదరపు మీటర్ల పైకప్పు. ఒక మీటరు మందం పొర ఊడి కిందికి వేలాడిందనుకోండి, ఘన మీటరుకి 2.7 టన్నుల చొప్పున బోల్ట్ మీద పడేది 3.9 టన్నులు. ఆ కడ్డీ సాగడం మొదలుపెట్టేది 16 టన్నుల దగ్గర. కాబట్టి ఉక్కు గురించి నేనెప్పుడూ నిద్ర పాడుచేసుకోలేదు. రాతికీ ఉక్కుకీ మధ్య ఉన్న ఆ 4 మి.మీ. సందే నాకు టెన్షన్. ఈ క్యాప్సూల్ పని మొత్తం ఆ 4 మి.మీ.లోనే.

నచ్చింది ముందు చెప్తాను. హోల్ పైకొసలో ఫాస్ట్ రకం, దాని కింద స్లో రకం పెట్టొచ్చు. పైది గట్టిపడగానే నట్ బిగిస్తాం, కడ్డీ లాగి పట్టుకుంటుంది. కిందిది ఆ తర్వాత తీరిగ్గా గట్టిపడి, బిగుతుని అలాగే బంధించేస్తుంది. నట్‌లో ఒక చిన్న పిన్ను ఉంటుంది. తిప్పేటప్పుడు నట్, కడ్డీ కలిసే తిరుగుతాయి. రెజిన్ పట్టాక మళ్లీ తిప్పితే పిన్ను టప్‌మని తెగి, నట్ ఒక్కటే పైకెక్కి ప్లేట్‌ని రాతికి అదుముతుంది. ఆ చప్పుడు వింటే చాలు, పైన పట్టు దొరికిందని డ్రిల్లర్‌కి తెలుస్తుంది. చప్పుడు రాకుండా కడ్డీ మొత్తం గిర్రున తిరిగిందంటే ఆ బోల్ట్ దండగ, పక్కన ఇంకోటి వేయాల్సిందే. ఇంత సులువుగా, అప్పటికప్పుడు మంచిచెడ్డలు చెప్పే ఏర్పాటు సిమెంట్ క్యాప్సూల్‌లో నాకు దొరకలేదు. అది గట్టిపడటానికి గంటలు కావాలి, అందాకా పైకప్పు మన కోసం ఆగదు.

వెంటనే బిగించడం ఎందుకంత ముఖ్యమో కొత్తగా చేరినవాళ్లకి చెప్పడానికి నేను బకెట్ పెడతాను. 1950ల్లో ఆస్ట్రేలియాలో స్నోయీ మౌంటెన్స్ పనుల్లో థామస్ లాంగ్ అనే ఇంజినీరు చూపించిన ప్రయోగం అది. బకెట్‌లో కంకర నింపి, చిన్న బోల్ట్‌లు గళ్లుగా అమర్చి, వాషర్లతో బిగించి, బకెట్ బోర్లిస్తే కంకర పడదు. జిగురు లేదు, సిమెంట్ లేదు. బిగుతు వల్ల రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని కమాను కట్టేస్తాయి. నేను మొదటిసారి చేసినప్పుడు వాషర్లు చిన్నవైపోయి, కంకరంతా నా బూట్ల మీద పడింది. అయినా పాఠం అందింది లెండి, ప్లేట్ సైజు గురించి మళ్లీ ఎవరూ నన్నడగలేదు.

స్ప్లిట్ సెట్‌తో పోల్చమని చాలామంది అడుగుతారు. 1970ల్లో జేమ్స్ స్కాట్ తయారుచేసిన ఆ చీలిక గొట్టం ఇప్పటికీ నాకు ఇష్టమే. 39 మి.మీ. గొట్టాన్ని 35 నుంచి 38 మి.మీ. హోల్‌లోకి కొట్టి దించితే అప్పుడే పట్టేస్తుంది, గడియారంతో పని లేదు. కానీ దిగిన వెంటనే దాని పట్టు దాదాపు 3 నుంచి 5 టన్నులు. పైగా నీళ్లున్న చోట పలచటి రేకు ఎన్నాళ్లుంటుందో మీకే తెలుసు. నాలుగు నెలల్లో వదిలేసే హెడింగ్‌కి, అంటే తవ్వుకుంటూ పోయే సొరంగ దారికి, అది బంగారం. ఏళ్ల తరబడి మనుషులు నడిచే దారికి నేను రెజిన్ వైపే. నీటి ఒత్తిడితో ఉబ్బే బోల్ట్‌లు కూడా వాడాం, 300 బార్ పంపుతో. పని బాగుంది, పంపు బాగోగులు చూసుకోవడమే ఇంకో ఉద్యోగం. దాని గురించి మరోసారి.

ఇక జంక్షన్.

ఏడో నెలలో అనుకుంటా, లోతుగా, వేడిగా ఉండే ఒక చివరి హెడింగ్‌లో నాలుగు దారుల కూడలి. అక్కడ టెల్‌టేల్ పెట్టాం. తెలియనివాళ్ల కోసం: పైకప్పులో రెండు ఎత్తుల్లో కొక్కేలు బిగించి, వాటినుంచి కిందికి రంగు పట్టీలు వేలాడదీస్తారు. ఒక పట్టీ బోల్ట్ ఎత్తు లోపలి కదలిక చెప్తుంది, రెండోది బోల్ట్‌ల పైన జరిగేది చెప్తుంది. మూడు వారాల్లో మొదటి పట్టీ 14 మి.మీ. దిగింది. రెండోది ఉన్నచోటే ఉంది. దీనర్థం బండ మొత్తం దిగడం లేదు, బోల్ట్‌లు కుట్టి పట్టుకోవాల్సిన పొరలే ఒకదాన్నుంచొకటి విడిపోతున్నాయి. కుట్టు కుదరలేదన్నమాట.

విచారణ సంగతి తర్వాత చూద్దామని, ముందు ఆ రాత్రే జంక్షన్‌లో పొడవు బోల్ట్‌లు, ఇనుప జాలి, కింద ఆసరాగా ప్రాప్‌లు పెట్టించాం. మర్నాడు మధ్యలో బెజ్జం ఉన్న జాకీ తగిలించి, చేతి పంపు కొట్టి, పాత బోల్ట్‌లని లాగి చూశాం. ఆరింటిని లాగితే ఆరూ 10 టన్నులు తట్టుకున్నాయి. గేజ్ ముల్లు వణకలేదు కూడా. మా మేనేజర్ గారు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అనుమానం ఇంకా పెరిగింది.

ఈ పరీక్ష గురించి ఒక మాట చెప్పాలి, బయట చాలామంది దీన్నే చూపించి చేతులు దులుపుకుంటారు. నిలువునా జిగురు పట్టిన బోల్ట్‌ని కింది నుంచి లాగితే, ఆ బరువంతా హోల్ మూతి దగ్గరి కాస్త పొడవులోనే రాతిలోకి దిగిపోతుంది. పైకొసదాకా ఆ లాగుడు వెళ్లనే వెళ్లదు. పైన మీటరు పొడవున జిగురు కలవకపోయినా, కింద స్లో రెజిన్ బాగుంటే పరీక్ష పాసే. విడిపోతున్న పొర పైన పట్టు ఉందా లేదా అన్నదే మనకి కావాల్సింది. ఆ సంగతి మాత్రం జాకీ చెప్పదు.

అందుకే పొట్టి పట్టు పరీక్ష చేశాం. హోల్ పైకొసలో 300 మి.మీ. మేర మాత్రమే జిగురు ఉండేలా బోల్ట్ వేసి లాగడం. 28 మి.మీ. హోల్‌కి 20 మి.మీ. కడ్డీకి లెక్కేస్తే దానికి 200 మి.మీ. క్యాప్సూల్ ముక్క సరిపోతుంది. రోజూ ఎలా వేస్తారో అలాగే వేయమన్నాను. మా పెద్ద డ్రిల్లర్, నాకన్నా పదేళ్లు పెద్దాయన, ఎప్పటిలాగే మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ తిప్పాడు. కొత్తగా వేసిన మూడు బోల్ట్‌లూ 4 టన్నులకే జారి కిందికొచ్చాయి.

"సార్, సరుకే తేడా," అన్నాడాయన.

"ఉండన్నా, కోసి చూద్దాం," అన్నాను.

ఇక్కడ నేను చేసిన పని ఎవరైనా చేసుకోవచ్చు, అందుకే వివరంగా రాస్తున్నాను. పైన వర్క్‌షాపులో 28 మి.మీ. లోపలి కొలత ఉన్న ఇనుప గొట్టాలు తెచ్చి, ఒక కొస మూసి, నిలబెట్టి బిగించాం. కొన్నింటిని చల్లటి గదిలో ఉంచాం, కొన్నింటిని హెడింగ్ అంత వేడిలో, 32 డిగ్రీల దగ్గర, సరుకుతో సహా ఒక రాత్రంతా ఉంచాం. అదే మెషీన్, అదే మనిషి, అవే క్యాప్సూళ్లు. బోల్ట్‌లు వేసి, గంట ఆగి, గ్రైండర్‌తో గొట్టాల్ని నిలువునా చీల్చాం.

చల్లటి గొట్టం లోపల బూడిద రంగు రాయి, కడ్డీ గీతల్లోకి పూర్తిగా దిగి, గోరు పెట్టినా దిగనంత గట్టిగా. ప్లాస్టిక్ చిన్న చిన్న పీలికలై అక్కడక్కడా ఉంది. వేడి గొట్టంలో పైకొసన జిగురు గట్టిగానే ఉంది, కానీ కడ్డీ చుట్టూ గుండ్రంగా నలిగి పొడైపోయింది. కడ్డీని చేత్తో తిప్పితే తిరిగింది. వేలితో రాస్తే సున్నంలా రాలింది. ఇంకో గొట్టంలో మరో తమాషా: ప్లాస్టిక్ చిరగకుండా, చేతి గ్లౌజు వేలులా కడ్డీ కొసకి తొడుక్కుని ఉంది. దాని అవతల జిగురు, ఇవతల ఉక్కు, మధ్యలో నున్నటి పొర.

పొడైపోవడానికి కారణం పెట్టె మీదే ఉంది, మేము చదవలేదు. మా ఫాస్ట్ రకం 30 సెకన్లలో బిగుసుకుంటుందని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. రఫ్‌గా 10 డిగ్రీలు పెరిగితే ఈ సమయం సగమవుతుంది. 32 డిగ్రీల్లో 30 సెకన్లు కాస్తా 13 సెకన్ల దగ్గరికొచ్చేస్తుంది. మా డ్రిల్లర్ కడ్డీని పైదాకా ఎక్కించడానికి 10 సెకన్లు, పైన ఇంకో 5 సెకన్లు తిప్పుతాడు. మొత్తం 15. అంటే జిగురు పట్టుకున్నాక కూడా ఆయన తిప్పుతూనే ఉన్నాడు, పుట్టిన పట్టుని పుట్టినట్టే విరగ్గొడుతూ. మరి పిన్ను చప్పుడు రాలేదా అంటే వచ్చింది. పిన్ను తెంచేంత పట్టు ఆ నలిగిన జిగురులోనూ ఉంటుంది, పొరని మోసేంత ఉండదు. పైన నేను పొగిడిన ఆ చప్పుడుకి అంతవరకే విలువ.

కంపెనీకి ఒక స్టార్ కోసింది ఇందుకే. వేడి చోట్లకి అమ్ముతూ, ఒకే ఒక్క ఉష్ణోగ్రతకి సమయం రాయడం ఏమిటి? ఒక చిన్న పట్టిక, 10, 20, 30 డిగ్రీలకి మూడు వరసలు, అంతే కదా. ఇంకా ఉంది. ఫాస్ట్‌కి తెల్ల చార, స్లోకి పసుపు చార వేస్తారు. పగటి వెలుతురులో తేడా బాగానే తెలుస్తుంది. హెల్మెట్‌కి తగిలించే క్యాప్‌ల్యాంప్ వెలుతురులో, దుమ్ములో, రెండూ ఒకటే. ఒకసారి స్లో క్యాప్సూల్ పైకి, ఫాస్ట్ కిందికి వెళ్లింది. కింద గట్టిపడిపోయాక పైన బిగుతు ఎక్కడినుంచి వస్తుంది? గడువు తేదీ కూడా అట్టపెట్టె మీద మాత్రమే ఉంటుంది. పెట్టె చించి క్యాప్సూళ్లు చేతికిచ్చాక అవి ఎప్పటివో దేవుడికే తెలియాలి. ఈ సరుకు నెలల లెక్కనే బతుకుతుంది, అదీ చల్లగా, ఎండ తగలకుండా ఉంచితే. వేడి చోట పడుంటే లోపల ముద్ద బిరుసెక్కుతుంది. వంచినప్పుడు మెత్తగా వంగకుండా మొరాయిస్తే ఆ క్యాప్సూల్ పక్కన పడేయండి.

కంపెనీ తరఫు కుర్రాడు వచ్చాడు, చీల్చిన గొట్టాలు చూశాడు, ఫొటోలు తీసుకున్నాడు. మర్యాదస్థుడే. "మీ మనుషులకి ట్రైనింగ్ కావాలండీ" అన్నాడు. కావాలి, కాదనను. మీ పెట్టెకి కూడా కావాలి అన్నాను.

మా అర స్టార్ సంగతి చెప్పకపోతే అన్యాయం. అదే నెలలో స్టోర్‌లో 28 మి.మీ. డ్రిల్ బిట్లు అయిపోయి, 32 బిట్లు ఇచ్చారు. నాలుగు మిల్లీమీటర్లే కదా అని ఎవరూ నోరెత్తలేదు. లెక్క చూడండి. 28 హోల్‌లో కడ్డీ చుట్టూ ఖాళీ 302 చదరపు మి.మీ. 32 హోల్‌లో అదే 490. మేము వాడేది 1.6 మీటర్ల క్యాప్సూల్. మొదటి హోల్‌లో అది 2.4 మీటర్లు నింపుతుంది, మూతి దగ్గర కాస్త బయటికి కూడా వస్తుంది. రెండో హోల్‌లో 1.48 మీటర్లకే అయిపోతుంది. మిగిలిన దాదాపు 0.9 మీటరు ఉక్కు ఒట్టిదే, నీళ్లకీ తుప్పుకీ వదిలేసినట్టే. పైగా సందు పెద్దదైతే కడ్డీ ప్లాస్టిక్‌ని చీల్చకుండా పక్కకి నెట్టేస్తుంది. 28లోనే కనిపించిన ఆ గ్లౌజు వేలు ముప్పు ఇక్కడ ఇంకా ఎక్కువ. ఇంకో తప్పు కూడా దొరికింది: కడ్డీ కన్నా 10 సెంటీమీటర్లు ఎక్కువ లోతు తవ్వడం. కడ్డీ చేరని ఆ పైముక్కలో జిగురు కలవకుండా పచ్చిగా మిగిలిపోతుంది. ఆ మేరకి కింద తక్కువ పడుతుంది.

ఇప్పుడు ఏం మారింది? డ్రిల్లర్ మెళ్లో స్టాప్‌వాచ్ వేలాడుతోంది. మొదట్లో అన్న అలిగాడు. "ఇరవై ఏళ్లుగా నా లెక్కే గడియారం సార్" అన్నాడు. ఆయన లెక్కని స్టాప్‌వాచ్ పక్కన పెట్టి చూస్తే, పొద్దున షిఫ్ట్ మొదట్లో సరిగ్గా ఉంది. షిఫ్ట్ చివర, అలసిపోయాక, ఆయన పదిహేను నిజానికి పంతొమ్మిది సెకన్లయింది. ఆ అంకె చూశాక ఇంకేం మాట్లాడకుండా తాడు మెళ్లో వేసుకున్నాడు. వేడి హెడింగ్‌కి ఫాస్ట్ రకం ఆపేసి, మధ్యరకం తెప్పించాం. బిట్‌కి ఒక రింగు గేజ్ కట్టాం: రింగులోంచి దూరని లావు బిట్‌ని వెనక్కి పంపడమే. డ్రిల్ స్టీల్ మీద 2.35 మీటర్ల దగ్గర పెయింట్ గీత. తర్వాత వేసిన పొట్టి పట్టు పరీక్షల్లో 300 మి.మీ. జిగురు 11, 12 టన్నులు లాగింది. జంక్షన్ టెల్‌టేల్ పొడవు బోల్ట్‌లు వేసిన దగ్గర్నుంచి ఒక మిల్లీమీటరు కూడా దిగలేదు.

ఎవరు కొనకూడదో కూడా చెప్పేస్తాను. హోల్‌లోంచి నీళ్లు ధారగా వస్తుంటే ఇది వద్దు, జిగురు కలిసేలోపు కొట్టుకుపోతుంది. రాయి మరీ పగుళ్లతో ఉంటే జిగురు పగుళ్లలోకి పారిపోతుంది, ఎన్ని క్యాప్సూళ్లు పెట్టినా హోల్ నిండదు. రాయి ఉన్నట్టుండి పేలే లోతుల్లో, లేదా ఏళ్ల తరబడి నెమ్మదిగా నొక్కుకొచ్చే మెత్తటి రాతిలో, నిలువునా అంటించిన మామూలు కడ్డీ పనికిరాదు. పగులు తెరుచుకున్న ఆ ఒక్క చోటే సాగాల్సి వచ్చి, అక్కడే తెగుతుంది. అలాంటి చోటికి సాగే రకం బోల్ట్‌లు వేరే ఉన్నాయి. ఇవేవీ కాకపోతే, పొరలు పొరలుగా ఉన్న పొడి పైకప్పుకి ఇంతకన్నా మంచిది నేను వాడలేదు. 3.5 ఇచ్చానని చూసి తక్కువ అంచనా వేయకండి, నేను దేనికీ 4 దాటి ఇవ్వను.

కొత్త లాట్ మొన్న దిగింది. తేదీ ఈసారి ప్రతి క్యాప్సూల్ మీదా ఉంది. ఉష్ణోగ్రత పట్టిక ఇంకా లేదు. చారలు మాత్రం మార్చారు: ఫాస్ట్‌కి తెలుపు, స్లోకి లేత నీలం. క్యాప్‌ల్యాంప్ కింద పెట్టి చూశాం. అన్న నా వైపు చూసి, "ఇది తెలుపా, నీలమా సార్?" అన్నాడు. పెట్టె మూసి, స్లో క్యాప్సూళ్లన్నిటికీ మేమే నల్ల టేపు చుట్టాం.